ఒత్సుకా సందులో ఒకే రెస్టారెంటు, ఇంటిల్లిపాదికీ వేరువేరు అనుభవం

టోక్యో చుట్టూ తిరిగే యమనోతె లైనులో ఇకెబుకురో దాటగానే వచ్చే స్టేషన్ ఒత్సుకా. ఊరు చూడవచ్చినవాళ్ళకి అక్కడ దిగే పని సాధారణంగా ఉండదు. మేం మాత్రం బస అక్కడే పెట్టుకున్నాం. షింజుకుతో పోలిస్తే గది అద్దె తక్కువ. పైగా స్టేషన్ పక్కనుంచే పాతకాలపు ట్రాము పోతుంది. మినోవాబషి నుంచి వాసెదా దాకా 12.2 కిలోమీటర్లు, 30 స్టాపులు, చాలాచోట్ల ఇళ్ళ గోడలను రాసుకుంటూ పోతున్నట్టే ఉంటుంది. హోటల్ గది ఇరుకు. పెట్టె తెరవాలంటే మంచం మీద పెట్టుకోవాలి. కానీ స్నానాల గది అద్దంలా ఉంది, బట్టలు ఉతుక్కునే మిషన్లు కింది అంతస్తులోనే ఉన్నాయి, రైలుకి నాలుగడుగులు. ఆ డబ్బుకి నాకు పూర్తిగా నచ్చిన బస. హోటల్లో ఇచ్చే ఫలహారం మాత్రం రుచీ పచీ లేదు. అందుకే తిండికి సందుల్లో పడ్డాం.

ఆరుగురం వెళ్ళాం. నేను, మావారు, మా అత్తగారు, ఆడపడుచు, ఆవిడ భర్త, పద్నాలుగేళ్ళ వాళ్ళమ్మాయి. అత్తగారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి. ఆడపడుచు కూతురికి రొయ్య పడదు. ఈ రెండు సంగతులూ ముందే చెప్పడం ఎందుకంటే, మా ప్రయాణంలో ఎక్కడ ఏం తిన్నామో నిర్ణయించింది గుళ్ళు, కోటల కంటే ఇవే.

హోటల్ వెనక సందులో ఒక చిన్న రెస్టారెంటు ఉంది. భార్యాభర్తలిద్దరే నడుపుకుంటారు. ఆయన వంట, ఆవిడ వడ్డన. వంటగదికి ఆనుకుని ఎనిమిది కుర్చీల బల్ల, గోడవారగా రెండు చిన్న బల్లలు, అంతే. మధ్యాహ్నం పూట తెయ్‌షొకు, అంటే అన్నం, సూపు, కూర కలిపి ఒకే పళ్ళెంలో పెట్టే భోజనం. సాయంత్రం దీపాలు పెట్టాక ఇజకాయా, అంటే తాగుతూ చిరుతిళ్ళు తినే చోటు. గుమ్మానికి నోరెన్ తెర వేలాడుతుంటే తెరిచి ఉన్నట్టు, లోపలికి తీసేస్తే కట్టేసినట్టు.

మొదట నేనూ మావారూ మధ్యాహ్నం వెళ్ళాం. ఆ పూట మూడే రకాలు. గోడమీద చేత్తో రాసిన కాగితాలు అంటించారు. ఉప్పు రాసి కాల్చిన సాబా చేప తీసుకున్నాం. మన కానాగంతల జాతిదే, కాకపోతే ఇంకా కొవ్వెక్కువ. తోలు పెళపెళలాడుతోంది, లోపలి కండ తడి ఆరలేదు. పక్కన ముల్లంగి తురుము కుప్ప, మీద రెండు చుక్కల సోయా. అన్నం, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూపు, ఊరబెట్టిన కూరగాయ ముక్కలు, వేడి టీ. మనిషికి 1,000 యెన్లు, పన్నుతో సహా. అన్నం మరోసారి అడిగితే డబ్బు తీసుకోలేదు. చుట్టూ ఉన్నది ఆఫీసులవాళ్ళు, పేటలోని ముసలివాళ్ళు. పావుగంటలో తినేసి లేచి పోతున్నారు. అదే వేగంతో మేమూ తిని లేచాం. జపాన్లో నేను తిన్న చేపల్లో ఇప్పటికీ దాన్నే ముందు చెబుతాను.

ఆ పొగడ్త విని ఆడపడుచు వాళ్ళు ముగ్గురూ రాత్రి భోజనానికి అక్కడికే వెళ్ళారు. తెర తియ్యగానే ఆవిడ రెండు చేతులూ అడ్డంగా పెట్టి కుదరదంది. లోపల కుర్చీలు ఖాళీగా కనిపిస్తూనే ఉన్నాయి. భాష రాదు, కారణం తెలియదు. "పరాయివాళ్ళమనే కదా వదినా పొమ్మంది!" అంటూ ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసింది. పిల్ల ముందు జరిగిన అవమానం ఆవిడకి మరీ బాధ కలిగించింది.

మర్నాడు గుమ్మం దగ్గర ఆగి చూస్తే అసలు సంగతి అక్కడే ఉంది. లోపల సిగరెట్ కాల్చుకోవచ్చు, ఇరవై ఏళ్ళు నిండనివాళ్ళకి ప్రవేశం లేదు అని చిన్న స్టిక్కరు. జపాన్లో 2020 ఏప్రిల్ నుంచి రెస్టారెంట్ల లోపల పొగతాగడం నిషేధమే. కానీ అప్పటికే ఉన్న చిన్న కొట్లకి మినహాయింపు ఇచ్చారు. టోక్యో నగర ప్రభుత్వం ఆ మినహాయింపును ఇంకా బిగించింది. జీతానికి మనుషుల్ని పెట్టుకోకుండా ఇంటివాళ్ళే నడుపుకునే చోటైతేనే కాల్చనివ్వవచ్చు. అలా కాల్చనిచ్చే చోటికి ఇరవై ఏళ్ళలోపు వాళ్ళని రానివ్వకూడదు, పెద్దలు వెంట ఉన్నా సరే. కాబట్టి పిల్లను చూసి ఆవిడ వద్దనడం చట్టప్రకారం సరైనదే. చెప్పిన తీరు మాత్రం సరైనది కాదు. ఆ స్టిక్కరు వైపు వేలు చూపిస్తే చాలు, ఒక కుటుంబానికి ఆ రాత్రి పాడయ్యేది కాదు. ఊరంతా విదేశీయులు తిరుగుతున్న కాలంలో ఆ నియమాన్ని అరచెయ్యంత స్టిక్కరులో జపాను భాషలో మాత్రమే పెట్టడం తప్పేనని నా అభిప్రాయం.

ఆడపడుచు వాళ్ళు ఆ రాత్రి స్టేషన్ దగ్గరి పెద్ద ఫ్యామిలీ రెస్టారెంటులో తిన్నారు. బల్లమీది ట్యాబ్లెట్‌లో బొమ్మలు చూసి నొక్కితే రోబో బండి పళ్ళెం తెస్తుంది. ప్రతి వంటకం పక్కనా రొయ్య ఉందా, పాలున్నాయా అని గుర్తులున్నాయి. రుచి గురించి చెప్పుకోడానికేమీ లేదు. అయినా పిల్లకి తినడానికి భయం లేని భోజనం దొరికింది. వాళ్ళ యాత్రలో వాళ్ళు ఎక్కువ మార్కులు వేసింది ఆ చోటికే, అది న్యాయమే.

తరవాత ఒక సాయంత్రం పిల్లని అత్తగారి దగ్గర, ఆడపడుచు దగ్గర వదిలి నేనూ మావారూ ఆడపడుచు భర్త అన్నయ్యగారూ ఆ సందు రెస్టారెంటుకే వెళ్ళాం. బల్ల దగ్గర వరసగా కూర్చున్నాం. మావారి కుర్చీ వంటాయన కోత పలకకి ఎదురుగా, అన్నయ్యగారిది అటు చివర, సిగరెట్ మీద సిగరెట్ వెలిగిస్తున్న ఇద్దరు పెద్దమనుషుల పక్కన. మధ్యలో నేను. ఒకే బల్ల, ఒకే వంట, ఒకే రాత్రి. మావారికీ అన్నయ్యగారికీ దొరికినవి మాత్రం రెండు వేరు రెస్టారెంట్లు.

కూర్చోగానే అడక్కుండానే చిన్న గిన్నెలు వచ్చాయి. సముద్రపు నాచు, సోయా గింజలు కలిపి ఉడికించిన కూర. దాన్ని ఒతోషి అంటారు. కూర్చున్నందుకు మనిషికింత అని వేసే రుసుము అది, దాంతోపాటు ఓ గిన్నెడు తిండి. అక్కడ తలకి 400 యెన్లు. ఇజకాయాల్లో ఇది దేశమంతటా మామూలే. టిప్పులిచ్చే అలవాటు లేని దేశంలో కొట్టువాళ్ళకి కాస్త ఆదాయం ఇదే. "అడగనిదానికి డబ్బులేమిటి బావా?" అన్నారు అన్నయ్యగారు. మావారు సర్దిచెప్పబోయారు కానీ నేను అన్నయ్యగారి పక్షమే. రుసుము ఉండటం తప్పు కాదు, ఎంతో గుమ్మంలో రాసి పెట్టకపోవడం తప్పు. తరవాత వేరే పేటల్లో ఒతోషి ఎంతో బోర్డు మీద రాసిన ఇజకాయాలు చూశాం. అక్కడ ఎవరికీ ఏ పేచీ రాలేదు.

తిండి విషయానికొస్తే, ఆ రాత్రి వంటాయన చేతిలో గొప్పతనం ఉంది. ఆజి చేప సషిమి, అంటే పచ్చి చేప ముక్కలు, పైన అల్లం తురుము, సన్నగా తరిగిన ఉల్లికాడలు. బొగ్గుల మీద తిప్పి తిప్పి కాల్చిన కోడిముక్కలు, ఒకటి ఉప్పుతో, ఒకటి తియ్యటి సోయా పూతతో. మావారు కత్తినే చూస్తూ కూర్చోవడం గమనించి ఆయన కాల్చిన వంకాయ ఒలిచి ఓ ముక్క చేతికందించాడు. బిల్లులో అది లేదు. ఆయన ఏ చేప చూపిస్తే అది తిన్నాం, తప్పుడు సలహా ఒక్కటీ ఇవ్వలేదు. అదే సమయంలో బల్ల చివర అన్నయ్యగారికి పొగ కళ్ళల్లో పడుతోంది, అడిగిన బీరు రావడానికి చాలాసేపు పట్టింది, పళ్ళెంలో వచ్చినవి చూస్తే ఆకలికి సరిపోయేంత లేవు. ఇజకాయాలో చిన్నచిన్న పళ్ళాలు తెప్పించుకుంటూ నెమ్మదిగా తాగుతారు. కడుపునిండా తినాలనుకున్నవాళ్ళకి అది సరిపడే చోటు కాదు.

చివర్లో బిల్లు. చిన్న కాగితం మీద మొత్తం ఒక్కటే రాసిచ్చారు, ముగ్గురికీ 11,000 యెన్ల పైచిలుకు. దేనికెంతో లేదు, కార్డు తీసుకోరు. నేను మనసులో లెక్క వేసుకుంటే సరిగ్గానే వచ్చింది. అయినా వివరం లేని బిల్లు చేతిలో పెడితే కొత్తవాడికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? పేటవాళ్ళకి ఆ అనుమానం రాదు, ఏళ్ళ తరబడి తింటున్నారు కనక. ఆ కొట్టు వాళ్ళకోసం పుట్టింది.

అత్తగారి సంగతి ఇంకో దారి. ఒక మధ్యాహ్నం కొట్టు ఖాళీ అయ్యే వేళకి ఆవిణ్ణి తీసుకెళ్ళాం. ఆవిడ తినకూడనివన్నీ ముందే జపాను భాషలో కాగితం మీద రాయించి పెట్టుకున్నాను, అందులో దాషి కూడా ఉంది. జపాను వంటకి పునాది ఆ చారు. బొనీటో చేపని ఉడికించి, పొగబెట్టి, చెక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టి, ఆ చెక్కని పల్చటి పొరలుగా చెక్కి, కొంబు నాచుతో కలిపి తీసిన సారం. మిసో సూపులో అదే, ఉడికించిన కూరల్లో అదే, చూడ్డానికి ఉట్టి టోఫులా కనిపించే వంటకం కింది రసంలోనూ అదే. మాంసం లేదు, చేప లేదు అని వడ్డించేవాళ్ళు నిజాయితీగానే అంటారు. ముక్కలు లేవని వాళ్ళ అర్థం.

వంటాయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. మిసో సూపు గిన్నె మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపాడు. వేయించిన టోఫు బొమ్మ చూపిస్తే దానికీ అంతే. తరవాత తనే లోపలికెళ్ళి చల్లటి టోఫు తెచ్చాడు. మామూలుగా పైన చేప పొరలు చల్లుతారు, అవి లేకుండా అల్లం, ఉల్లికాడలు, సోయా మాత్రమే వేశాడు. ఉప్పేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు, తెల్లన్నం, పుల్లటి ఉమె పండు. "చేప నీళ్ళు పోశామని వాళ్ళంతట వాళ్ళే చెప్పారు చూశావా అమ్మాయ్, ఆ మాట చాలు" అన్నారు అత్తగారు. కడుపు నిండిందా అంటే నిండలేదు. హోటల్‌కి వచ్చి మళ్ళీ పళ్ళు తిన్నారు. ఆ కొట్టులో శాకాహారికి భోజనం లేదు. కానీ లేదని నిజం చెప్పిన మనిషి ఉన్నాడు. శాకాహారులు పేట రెస్టారెంటుని కొలవాల్సింది దీంతోనే అని నేను గట్టిగా నమ్ముతాను.

వెళ్ళేముందు ఆ కొట్టు గురించి గూగుల్‌లో జనం రాసినవి చదివితే ఐదు నక్షత్రాలో ఒక నక్షత్రమో తప్ప మధ్యలో పెద్దగా ఏమీ లేవు. తిరిగొచ్చాక మళ్ళీ చదివాను. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్ళ ఫిర్యాదులు పొగ, ఒతోషి, కార్డు, పిల్లల్ని రానివ్వకపోవడం. చేప బాగాలేదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. జపాను వాళ్ళు ఎక్కువగా చూసే తబెలోగ్ సైటులో మార్కులు వేసే పద్ధతే వేరు. అక్కడ 5కి 3.5 దాటితే మంచి చోటని లెక్క. 3.2 చూసి వెనక్కి తిరిగితే చక్కటి పేట భోజనాలెన్నో పోగొట్టుకుంటాం.

టోక్యో నుంచి షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో కనజవా వెళ్ళాం. త్వరగా వెళ్ళే కగయాకి బండిలో సుమారు రెండున్నర గంటలు. అందులో అన్నీ రిజర్వు సీట్లే. ఓమిచో బజారు లోపలి కొట్ల ముందు క్యూలు చూసి, ఓ రెండు వీధులవతల పేట సుషీ కొట్టుకి నడిచాం. అక్కడ నోదొగురో చేప పేరు పక్కన ధర లేదు, ఆనాటి బజారు ధర అని రాశారు. ముందే అడిగితే వంటాయన కాగితం మీద అంకె రాసి చూపించాడు. ఖరీదే, కానీ తెలిసి తిన్నాం. పైపైన మంట తగిలించిన ఆ ముక్క నాలుక మీద నెయ్యిలా కరిగింది. రొయ్య సంగతి చెబితే కత్తి, పలక కడిగి, పిల్లకి విడిగా చేసిచ్చారు. ఒత్సుకాలో పడ్డ బాధ ఆడపడుచుకి ఇక్కడ తీరింది. మా ప్రయాణంలో సేవ విషయంలో మొదటి స్థానం ఈ కొట్టుదే.

కనజవా నుంచి క్యోటోకి ఒకప్పుడు ఒకే బండి. 2024 మార్చిలో షింకన్‌సెన్ త్సురుగా దాకా పొడిగించాక, త్సురుగాలో దిగి థండర్‌బర్డ్ అనే మామూలు ఎక్స్‌ప్రెస్ బండి ఎక్కాలి. మారడానికి వ్యవధి తక్కువ. సామాన్లు, పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు తలుపు దగ్గరి సీట్లు తీసుకోవడం మంచిది.

క్యోటోలో హోటల్ వాళ్ళ చేత ఫోను చేయించి ఒక చిన్న రెస్టారెంటులో చోటు పెట్టించాం. రొయ్య పడదని ఫోనులోనే చెప్పమన్నాం. ఆ మాట కొట్టుదాకా చేరలేదు. వెళ్ళి కూర్చున్నాక చెబితే యజమానురాలు చాలాసేపు ఆలోచించి, ఒకే నూనె, ఒకే గిన్నెలు, పిల్లకి ఏమైనా అయితే నాది బాధ్యత, క్షమించండి అని అనువాద యంత్రంలో చూపించింది. జపాన్లో పొట్లాల్లో అమ్మే సరుకు మీద రొయ్య, పీత, గోధుమ, సోబా (బక్‌వీట్ గింజ), గుడ్డు, పాలు, వేరుసెనగ వంటివి ఉంటే తప్పనిసరిగా రాయాలి. రెస్టారెంటు వంటకి ఆ నిబంధన లేదు, అంతా వండేవాళ్ళ జాగ్రత్త మీదే. ఆవిడ రద్దు రుసుము అడగలేదు, వీధి చివరిదాకా వచ్చి వేరే చోటు చూపించింది. అన్నయ్యగారికి కోపం వచ్చింది. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. మాట చేరవెయ్యని హోటల్ వాళ్ళదే తప్పంతా.

నన్‌జెన్‌జి గుడి పరిసరాల్లో యుదోఫు, అంటే వేడినీళ్ళలో ఉడికించిన టోఫు పెట్టే చోట్లు ఉన్నాయి. శాకాహారమని అందరూ చెబుతారు. కుండలో టోఫు ఉడికేది కొంబు వేసిన నీళ్ళలోనే, నిజమే. కానీ ముంచుకు తినే రసంలో తరచుగా బొనీటో ఉంటుంది. మేం అడిగిన చోట ఉందన్నారు, బదులుగా ఉట్టి సోయా ఇచ్చారు. అత్తగారికి ఆ మెత్తటి టోఫు నచ్చింది. నాకు మాత్రం దానికి పెట్టిన డబ్బు ఎక్కువనిపించింది. తోటలోకి చూస్తూ కూర్చున్నందుకే సగం బిల్లు.

దానికంటే అరషియామలో తెన్‌ర్యూజి గుడి ఆవరణలోని షిగెత్సు రెస్టారెంటు ఎన్నో రెట్లు మేలు. జెన్ బౌద్ధ మఠాల షోజిన్ భోజనం, చేప సారం అసలు లేదు. ఎర్రటి పళ్ళెంలో చిన్నచిన్న గిన్నెలు, చాప మీద కూర్చుని తినాలి. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారికి అదొక్కటే కష్టమైంది. భోజనం ఖరీదు కాక తోట ప్రవేశ రుసుము విడిగా కట్టాలి. ఇది ముందే తెలిస్తే గుమ్మంలో తగువుండదు.

ఒసాకాలో తిండి ఎక్కువ, రాసేది తక్కువ. తెన్‌జిన్‌బాషిసుజి కప్పు బజారు 2.6 కిలోమీటర్లు, దేశంలోకెల్లా పొడవైనది. దాని పక్క సందుల్లో నిలబడి తినే కొట్లలో మావారు, అన్నయ్యగారు మొదటిసారి ఒకే మాట మీదికొచ్చారు, బాగుందని. ధరలన్నీ గోడమీద పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, పళ్ళెం రాగానే డబ్బిచ్చేయడమే. ఒక నూడుల్స్ కొట్టులో మాత్రం తిండికి టికెట్ ఇచ్చే మిషన్ 2024 జులైలో వచ్చిన కొత్త వెయ్యి యెన్ల నోటుని మింగి మింగి కక్కింది. పక్క మనిషి తన పాత నోటు మార్చి ఇచ్చాడు. నాణేలు, పాత నోట్లు కొన్ని దగ్గరుంచుకోండి.

చివరగా కోయసాన్. నంబా నుంచి నన్‌కై రైల్లో గొకురకుబషి, అక్కణ్ణుంచి నిటారుగా ఎక్కే కేబుల్ కారు, పైన బస్సు. ఆ బస్సు దారిలో నడవనివ్వరు కనక నడిచిపోదామని అనుకోకండి. కూకై అనే బౌద్ధ సన్యాసి 816లో మొదలుపెట్టిన క్షేత్రం ఇది. ఇప్పటికీ యాభై దాకా మఠాలు యాత్రికులకి గదులిస్తాయి. మేం దిగిన చోట రెండు పూటల భోజనంతో మనిషికి 15,000 యెన్ల చుట్టూ అయింది. గది చలి, గోడలు కాగితపు తలుపులే కనక పక్కవాళ్ళ దగ్గు కూడా వినిపిస్తుంది, స్నానాల గది అందరికీ ఒకటే. బస సౌకర్యంగా ఉందని ఎవరికీ చెప్పలేను.

భోజనం మాత్రం అత్తగారు కాగితం బయటికి తియ్యకుండా తిన్నది. చారు కొంబు, పుట్టగొడుగులతో తీసింది. చేప, మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా లేవు. నువ్వులు నూరి కుజు దుంప గంజితో గట్టిపరిచిన గోమా దోఫు, చలికి గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫుని మళ్ళీ రసంలో నానబెట్టి ఉడికించిన కోయ దోఫు. వడ్డించిన కుర్ర సన్యాసి ఏది దేంతో చేశారో అడక్కుండానే ఒక్కొక్కటీ చెప్పాడు. అన్నయ్యగారికి ఇది చప్పగా ఉంది, ఆకలి తీరలేదు, ఆ డబ్బుకి ఒసాకాలో ఎన్ని పళ్ళాలు వచ్చేవో లెక్క చెప్పారు. అత్తగారు ఇంకో రాత్రి ఉందామన్నారు. గదులు లేవు. శరదృతువులో వెళ్ళేవాళ్ళు నెలల ముందే అడగాలి. రాత్రి భోజనం ఆరింటికల్లా పెట్టేస్తారు కాబట్టి ఒసాకాలో మధ్యాహ్నం రెండు దాటకుండా బయల్దేరాలి.